పెనం ఏమంటోంది

ఆదివారం

ముద్దుల మందుల పెట్టెకి,

నీ ఇంజను రాసేది. ఫోను ఉండగా ఈ కాగితాల గోల ఏమిటని నవ్వుతావని తెలుసు. ఫోను మోగితే మీ హాస్టలు వరండాలో నర్సు చదువుల వాళ్లంతా చెవులు రిక్కించి నిలబడతారని నువ్వే చెప్పావు. అదొక్కటే కాదు. ఫోనులో నువ్వు "ఏమైంది?" అని అడిగితే నేను "ఏమీ లేదు" అనేస్తాను. కాగితం మీద అలా తప్పించుకోవడం నా చేతకాదు. నీ పరీక్ష సంగతి ఆఖర్లో అడుగుతాను. ముందు నా కడుపుమంట కాస్త చల్లారనీ.

మీ నాన్నగారి చిన్నల్లుడు వచ్చాడు. నీ చెల్లెలు కూడా వచ్చిందనుకో, కానీ ఆమెను ఎవరూ పట్టించుకోలేదు. రెండు పెట్టెల బట్టలు, ఒక పెట్టె గాజు గొట్టాలు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే ఉద్యోగానికి నాలుగు నెలలు సెలవు పెట్టి మరీ వచ్చాడు. హోటళ్లవాళ్లు వాడి పారేసిన నూనెతో డీజిలు చేస్తాడట. పదకొండేళ్లుగా ఈ షెడ్డులో డీజిలు చేసి రేవులో నాలుగు పడవలు నడిపిస్తున్నవాణ్ణి నేను. ఆ సంగతి అతనికి ఎవరైనా చెప్పారో లేదో.

ఎందుకు రప్పించారో నీకు కొంత తెలుసు. మిగతాది నేను చెప్పలేదు, ఎందుకంటే అందులో నా తప్పు ఒకటుంది. నువ్వు వెళ్లిన కొత్తలో దుకాణాల్లో వంటనూనె దొరకని రోజులు వచ్చాయి కదా. అప్పుడు మన వెనక వీధి దర్జీ ఆవిడ ఖాళీ సీసా పట్టుకుని షెడ్డు గేటు దగ్గరికి వచ్చింది. లోపల పీపాల వరస చూసింది. "ఇదంతా తినే నూనేనా అన్నా?" అంది. అవునన్నాను. "మరి పడవలో పోస్తారా?" అంది. ఆమె తిట్టినా బాగుండేది. తిట్టలేదు, తెలియక అడిగినట్టు అడిగింది. మామగారు సీసా నింపి ఇచ్చారు. ఆమె వెళ్లాక చాలాసేపు గేటు వైపే చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు నన్నే అడిగారు. "ఏమయ్యా, హోటళ్లవాళ్లు వేపుళ్లు వేసి పారబోసే నూనె ఉంటుంది కదా, దాంతో చెయ్యలేమా?" అన్నారు. నేనేమన్నానో విను. "అది మురికి. ట్యాంకు పాడవుతుంది. మన వల్ల అయ్యే పని కాదు" అన్నాను. తాజా నూనె అయితే ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మెథనాలు ఇంత, కాస్టిక్ సోడా ఇంత. సోడాకి నా ఇత్తడి గ్లాసు మీద గీత గీసుకున్నాను, ఆ గీత దాకా పోస్తే చాలు, కళ్లు మూసుకుని చేస్తాను. వాడిన నూనె అలా కాదు, ఏ డబ్బా లోకం ఆ డబ్బాది. నాకు కొత్తగా నేర్చుకోవాలంటే బద్ధకం, రాదేమోనని భయం కూడా. ఆ వారమే చిన్నల్లుడికి కబురు వెళ్లింది. అంటే పీట నేనే అవతలికి తోశాను, అతను వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు ఆ పీట నాదంటే ఎవరు వింటారు?

పీట అంటే గుర్తొచ్చింది. ట్యాంకు పక్కన మామగారు కూర్చునే బల్ల ఉంది కదా, ఇద్దరు పట్టేది. పదకొండేళ్లలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆయన నన్ను దాని మీద కూర్చోమనలేదు. చిన్నల్లుడు వచ్చిన రెండో రోజే "రండి బాబూ, ఇలా కూర్చోండి" అన్నారు. అతను బాబుగారు, రండి. నేను "ఏమయ్యా, అటు జరుగు". మా ఇద్దరికీ ఆయన కూతుళ్లనే ఇచ్చారు కదా! నీ తండ్రిని అంటున్నానని కోపం తెచ్చుకోకు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

అతనికి నేను పేరు పెట్టాను, వడపోత. తాగే టీ కూడా రెండుసార్లు వడకట్టుకుంటాడు. ప్రతి డబ్బా మీదా చీటీ అంటిస్తాడు, ఏ హోటలు, ఏ రోజు, ఏం వేపారు అని. చేప వేపిన నూనె వేరట, పిండి వేపిన నూనె వేరట. స్పిరిట్లో చుక్క నూనె వేసి, చిటికెడు పసుపు కలిపి, సోడా నీళ్లు చుక్కచుక్కగా వదులుతాడు. పసుపు ఎర్రబడే దాకా ఎన్ని చుక్కలు పడితే దాన్నిబట్టి ఆ నూనెకి సోడా ఎంత ఎక్కువ వెయ్యాలో లెక్క. నా ఇత్తడి గ్లాసు చూసి "ఇది చాలదు అన్నయ్యా" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. మర్యాద లేకుండా అని ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి.

పడవలు నడిపే సరంగు మొన్న గేటు దగ్గర నన్ను చూసి "కొత్తాయన లేరా?" అని అడిగాడు. అతని ఇంజను నేను ఎన్నిసార్లు విప్పి బిగించానో నీకు తెలుసు. కొత్త ఒక వింత, పాత ఒక రోత!

ఇప్పుడు నాకు అప్పగించిన పని చెబుతాను, నవ్వకు. పెనం. వాడిన నూనెలో నీళ్లుంటే సోడాతో కలిసి డీజిలు బదులు సబ్బవుతుంది. అందుకని ముందురోజు కాచి నీళ్లు తీసేస్తారు. తీరా ట్యాంకులో పోసేముందు ప్రతి డబ్బా అడుగు నుంచి గరిటెడు తీసి, కాలిన పెనం మీద వేసి వినాలి. చిటపట అంటే నీళ్లున్నట్టు. నిశ్శబ్దంగా ఉంటే మంచిది. మామగారు "చెవి పని నీది" అన్నారు. గాజు గొట్టాలు అతనికి, గరిటె నాకు. మొదటి పెద్ద ట్యాంకు గురువారం. దాంతో నాలుగో పడవ ప్రయాణికులు లేకుండా ఒకసారి అటూ ఇటూ తిరుగుతుంది. అది నడిస్తే మామగారు డీజిలుకి తినే నూనె వాడడం పూర్తిగా మానేస్తానంటున్నారు. అంటే నా పదకొండేళ్ల పనితనం గురువారంతో సరి.

నీ
ఇంజను

శనివారం

మందుల పెట్టెకి,

మొదట వార్త. గురువారం ట్యాంకు సబ్బయిపోయింది.

డీజిలు కాదు, సబ్బు. మర్నాడు పొద్దున మూత తీస్తే లోపల పచ్చగా, ముద్దగా, కదిపితే వణుకుతూ కూర్చుంది. గరిటె గుచ్చితే నిలబడింది. ఖాళీ పడవతో ఎదురుచూస్తున్న సరంగు వచ్చి, లోపలికి తొంగి చూసి, "స్నానానికి సరిపోతుంది" అని వెళ్లిపోయాడు. చిన్నల్లుడు ట్యాంకు అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు. "నా లెక్క తప్పింది మామయ్యగారూ. సోడా ఎక్కువైనట్టుంది" అన్నాడు. మామగారు మూత తెచ్చి ట్యాంకు మీద పెట్టేశారు. తర్వాత "సరే. ఇక చాలు. తాజా నూనెకే పోదాం" అన్నారు. అంతే.

నాకు సంతోషం కలిగిందని రాస్తే నువ్వు నన్ను ఏమనుకుంటావో. కలిగింది. రేకుల షెడ్డులో ఎవరూ చూడని మూలకి వెళ్లి నా ఇత్తడి గ్లాసు తీసి తుడిచాను. తుడవాల్సిన అవసరం లేదు. నిన్నంతా ట్యాంకు గోకే పనిలో నేనే ముందున్నాను. పారలతో గోకుతుంటే వడపోత నాకు ఎదురుగా, చేతులు మోచేతులదాకా ముద్దలో పెట్టి గోకాడు. మధ్యాహ్నం ఒక్కసారి "క్షమించు అన్నయ్యా, నీచేత ఈ పని చేయిస్తున్నాను" అన్నాడు. నేను తల వంచుకుని ఇంకా గట్టిగా గోకాను.

ఇక్కడ ఉత్తరం ఆపేద్దామనుకున్నాను. సంతకం కూడా పెట్టబోయాను. కాగితం మీద తప్పించుకోలేనని నేనే రాశాను కదా.

పెనం అరిచింది.

గురువారం పది డబ్బాలు విన్నాను. మొదటి ఎనిమిదీ బాగున్నాయి. తొమ్మిదో డబ్బా ఆసుపత్రి క్యాంటీనుది. వాళ్లు బాండీ కడిగిన నీళ్లు కూడా డబ్బాలోనే పోస్తారు కాబోలు, ముందురోజు కాచినా అడుగున మిగిలిపోయింది. గరిటెడు పెనం మీద వేయగానే చిటపటమంది. గట్టిగా కాదు. వెనక ట్యాంకు మోటారు తిరుగుతోంది, పక్కనున్నవాళ్లకి వినపడే చప్పుడు కాదది. నాకు వినపడింది. ఇంజను ఏ సిలిండరులో దగ్గుతోందో దూరం నుంచి పట్టే చెవి ఇది. చిన్నల్లుడు చీటీలు చూసుకుంటూనే తలెత్తకుండా అడిగాడు, "అన్నయ్యా, పెనం ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు" అన్నాను.

పదో డబ్బా కూడా అదే క్యాంటీనుది. అదీ అరిచింది. అప్పుడూ అదే మాట చెప్పాను. ఆ రెండు డబ్బాల్లో కలిపి బకెట్టు నీళ్లన్నా ఉంటాయి. అవి ట్యాంకులో పడితే ఏమవుతుందో తెలియక కాదు. అతను సోడా ఎక్కువ వేస్తున్నాడు, నీళ్లు కూడా తోడైతే సబ్బే. తెలిసే అన్నాను. ముందుగా అనుకుని కాదు, ఒట్టు. ఆ క్షణంలో మామగారు బల్ల మీద తన పక్కన అతనికి చోటు చేసి తన తువ్వాలు పరిచారు, బట్టలకి మరక అంటకుండా. ఆ తువ్వాలు చూశాను. నోటిలోంచి ఆ మాట వచ్చేసింది. ఒకసారి వచ్చాక రెండోసారి ఇంకా సులువుగా వచ్చింది.

రెండు రోజులుగా ఇంట్లో ఎవరు "నీళ్లు" అన్నా ఉలిక్కిపడుతున్నాను. నీ చెల్లెలు "బావా, మంచినీళ్లు కావాలా?" అంటే "నాకేం తెలుసు!" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆమె నా వంక వింతగా చూసింది. అతను తన పుస్తకాలన్నీ నేల మీద పరుచుకుని, మొదటి చుక్క నుంచి లెక్క మళ్లీ వేస్తున్నాడు. తప్పు ఎక్కడా దొరకదు. వచ్చే శనివారం పడవలో వెళ్లిపోతామంటున్నాడు. సెలవు రద్దు చేయించుకుంటాడట. "పిల్లలకి పాఠం చెప్పుకోవడమే నాకు తగిన పని" అని నీ చెల్లెలితో అనడం గోడవతల నుంచి విన్నాను. చూశావా, అన్నీ వినబడతాయి నాకు.

నేను గెలిచినట్టే. అతను వెళ్లాక సోమవారం తాజా నూనె పీపాలు వస్తాయి. దర్జీ ఆవిడ ఆ దారినే పోతుంది. నేను ఇత్తడి గ్లాసు పట్టుకుని నిలబడతాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటావు. తొక్కాను. కడగడానికి నీళ్లెక్కడ? మామగారికి చెబితే ఆ షెడ్డులో నాకు చోటుండదు. పని పోయినా ఇంకోచోట ఇంజన్లు బాగుచేసుకుంటాను. ఆయన నన్ను చూసే చూపు పోతే మళ్లీ ఎక్కడ తెచ్చుకోను? "అటు జరుగు" అనే చూపైనా సరే, అది నాది. నువ్వు చెప్పు. నువ్వు చెప్పకు అంటే చెప్పను.

నీ
ఇంజను

సోమవారం

నా మందుల పెట్టెకి,

నీ జవాబు శుక్రవారం అందింది. కవరు తిప్పి చూశాను, ఇంకో కాగితం ఏమైనా ఇరుక్కుందేమోనని. లేదు. ఇంత పొడుగు ఉత్తరం రాస్తే ఒక్క ముక్క! "నాకు చెప్పారు, బాగుంది. నేను ఆ ట్యాంకులో పడలేదు కదా. పడినవాళ్లకి చెప్పండి." మందులు కూడా ఇంత చేదుగా ఇస్తావా మనుషులకి?

శుక్రవారం చెప్పలేదు. ఆ రోజంతా సరైన సమయం వెతికాను. భోజనానికి ముందు వద్దు, అన్నం ముందు గొడవెందుకని. భోజనమయ్యాక వద్దు, మామగారు కునుకు తీస్తారని. సాయంత్రం నీ చెల్లెలు బట్టలు సర్దుతోంది. గాజు గొట్టాలు ఒక్కొక్కటీ గుడ్డలో చుడుతోంది, కళ్లు తుడుచుకుంటూ. నేను ఆ వసారాలోంచి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. "ఏం బావా, తాడు కావాలా?" అంది. వద్దన్నాను.

శనివారం పొద్దున పడవ కూత వేసింది. వాళ్ల పెట్టెలు రిక్షాలో పెట్టారు. చిన్నల్లుడు షెడ్డులోకి వచ్చి మామగారికి నమస్కారం పెట్టాడు. నాకూ పెట్టాడు. "ట్యాంకు పాడుచేశాను, ఏమనుకోకు అన్నయ్యా" అన్నాడు. మనిషి అన్నవాడు ఆ మాట విని ఊరుకోగలడా? నేను ఊరుకోగలనేమోనని ఒక్క క్షణం అనిపించింది, అది నీకు దాచను. పడవ ఎలాగూ వెళ్లిపోతుంది, ఇంకో పావుగంట నోరు మూసుకుంటే చాలు.

"నీ లెక్క తప్పలేదు" అన్నాను. "పెనం అరిచింది. తొమ్మిదోదీ, పదోదీ. రెండుసార్లూ విన్నాను. వినలేదని చెప్పాను."

అతనికి మొదట అర్థం కాలేదు. "మోటారు చప్పుడులో పొరపాటు పడి ఉంటావు" అన్నాడు. చూడు, నాకు సాకు కూడా అతనే వెతికి పెడుతున్నాడు. "పొరపాటు కాదు. కావాలనే. నువ్వు ఓడిపోవాలని" అన్నాను.

అప్పుడు అర్థమైంది. నేను అనుకున్నట్టు అతను గొప్ప మనసు చూపించలేదు. చూపిస్తాడేమోనని భయపడ్డాను, చూపించనందుకు ఊపిరి పీల్చుకున్నాను. ముఖమంతా ఎర్రబడింది, అతని పసుపు చుక్కలాగే. "ఎనిమిది రోజులు!" అన్నాడు. "ఎనిమిది రోజులు నాకు చదువే రాదనుకున్నాను. పాఠాలు చెప్పే అర్హత లేదనుకున్నాను. నువ్వు నా ఎదురుగా పార పట్టుకుని గోకావు. నేను నిన్ను క్షమించమని అడిగాను! అన్నయ్యా అన్నాను!" చేతిలో ఉన్న సంచీ నేలకేసి కొట్టాడు. అందులో ఏదో గాజుది పగిలింది. నీ చెల్లెలు గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఛీ, బావా" అంది. రిక్షా దగ్గరికి వెళ్లిపోయింది. పావడాలు కట్టే రోజుల నుంచి నా వెనకే తిరిగిన పిల్ల. పడవ ఆగకుండా వెళ్లిపోయింది.

మామగారు బల్ల మీదే కూర్చుని ఉన్నారు. అన్నీ విన్నారు. నేను ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. వెళ్లిపొమ్మంటారనుకున్నాను. తాళంచెవులు చేతిలోనే పట్టుకున్నాను, అడిగితే ఇద్దామని. ఆయన తాళంచెవులు చూశారు, నన్ను చూశారు. "పొయ్యి వెలిగించు" అన్నారు.

వెలిగించాను. పెనం పెట్టాను. మూల ఆ క్యాంటీను వాళ్ల డబ్బా ఇంకోటి మిగిలి ఉంది. "వెయ్యి" అన్నారు. గరిటెడు వేశాను. చిటపటమని అరిచింది, ఈసారి మోటారు ఆగి ఉంది కాబట్టి షెడ్డంతా వినపడింది. "ఏమంటోంది?" అన్నారు మామగారు. "నీళ్లున్నాయంటోంది" అన్నాను. "మరి కాచు" అన్నారు. చిన్నల్లుడి వైపు తిరిగి "మీ పెట్టెలు దింపించండి బాబూ" అన్నారు. అతను వెంటనే దింపలేదు. సంచీ దగ్గర కూర్చున్నాడు. తర్వాత పగిలిన గాజు ముక్కలు ఏరుకున్నాడు.

శనివారం సాయంత్రమూ, ఆదివారం పగలూ కాచాం. ఈసారి ప్రతి డబ్బా మూడుసార్లు విన్నాను. అతను నాతో మాట్లాడడు. డబ్బా నా ముందు పెట్టి నిలబడతాడు, నేను "ఏమీ అనట్లేదు" అంటాను, నా ముఖంలోకి తేరిపార చూసి, తానూ వంగి చెవి పెట్టి విని, అప్పుడు తీసుకెళతాడు. నేను చెప్పింది మళ్లీ తాను వింటున్నాడు. నాకు తగిందే.

రాత్రి ట్యాంకులో కలిపి, ఈ పొద్దున మూత తీశాం. అడుగున నల్లటి జిగురు దిగింది, పైన తేనెరంగు డీజిలు తేలింది. ఆ డీజిలుని నీళ్లతో కడిగి, తడి పోయేదాకా వేడిచేసి, నాలుగో పడవలో పోశాం. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. పొగ వేపుడు వాసన వస్తోంది. గట్టు మీద ఎదురుచూసేవాళ్లందరికీ ఆకలి వేసిందట. సరంగు "రేపటి నుంచి పడవెక్కేవాళ్లు చిరుతిళ్లు అడుగుతారు" అన్నాడు. చిన్నల్లుడు నవ్వాడు. నన్ను చూసి నవ్వు ఆపేసుకున్నాడు.

సబ్బు ఏం చేశామని అడుగుతావు. గచ్చంతా దాంతోనే కడిగాను, మోకాళ్ల మీద కూర్చుని. దర్జీ ఆవిడ ఓ ముద్ద పట్టుకెళ్లింది. "ఇందులో తినేదేం లేదు కదా?" అని అడిగి మరీ. లేదన్నాను. హాయిగా అన్నాను.

నాకు ఇంకా అసూయగానే ఉంది. అది పోలేదు. అతను చుక్కలు లెక్కపెడుతుంటే ఇప్పటికీ నా ఇత్తడి గ్లాసు వైపే చూస్తాను. మామగారు ఇవాళ కూడా అతన్నే కూర్చోమన్నారు. నన్ను "ఏమయ్యా, ఆ గొట్టం పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను.

నీ
ఇంజను

గురువారం

శ్రీ ఇంజనుగారికి,

మీ మూడు ఉత్తరాలూ దిండు కింద పెట్టుకున్నాను. నా గదిలో ఉండే అమ్మాయి రోజూ "ఏంటక్కా, ప్రేమలేఖలా?" అని ఏడిపిస్తోంది. అవునన్నాను. ఎవరి మీద ప్రేమో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పలేదు, అందుకు మీకు కోపం వస్తే రానివ్వండి. మీ సబ్బు ఉత్తరం నాకు చేరడానికి ఒకరోజు ముందే నాన్న కార్డు వచ్చింది. నాన్న ఉత్తరం రాయడం మీరెప్పుడైనా చూశారా? నా పెళ్లికి కూడా శుభలేఖలు మీచేతే రాయించారు. కార్డు మీద వంకర అక్షరాలతో రెండు ముక్కలున్నాయి: "పెనం అరిచింది. పెద్దల్లుడు వినలేదన్నాడు."

నాన్న విన్నారు. యాభై ఏళ్లు నూనె గానుగ చప్పుడులో బతికిన మనిషి, మీ మోటారు చప్పుడు ఆయనకి అడ్డమా? తొమ్మిదో డబ్బాకే విన్నారట. పదోదానికైనా మీరు చెబుతారని చూశారట. ట్యాంకులో పోస్తుంటే ఆపొచ్చు. ఆపలేదు. ఎందుకాపలేదని ఫోను చేసి అడిగాను. "నూనె పోతే మళ్లీ తెచ్చుకుంటాం. వాడి మాట అందరిముందూ నేను కాదంటే వాడు మళ్లీ ఆ షెడ్డులో తలెత్తుకోగలడా? వాడే చెప్పుకోవాలి" అన్నారు. "చెప్పకపోతే?" అన్నాను. "చెప్పకపోతే షెడ్డు మూసేస్తాను. తినే నూనె ఇక తగలబెట్టలేను, ఈ నూనె చెవి లేకుండా కుదరదు. నా తర్వాత ఆ చెవి వాడొక్కడికే ఉంది" అన్నారు. మరి చిన్నల్లుడి సంగతేమిటని దెబ్బలాడాను, తప్పు చెయ్యని మనిషిని ఎనిమిది రోజులు అలా వదిలేస్తారా అని. అది ఆయన తప్పే. ఆ మాట ఆయన చిన్నల్లుడితో చెప్పుకోవాలి, చెప్పమన్నాను.

మీకు నేను అప్పుడే చెప్పి ఉండొచ్చు, నాన్నకి తెలుసండీ అని. చెబితే మీరు మర్నాడే వెళ్లి కాళ్ల మీద పడేవారు. అది దొరికిపోయిన మనిషి చెప్పే మాట అవుతుంది. అందుకే ఒక్క ముక్క రాసి కవరు మూసేశాను. పేజీలు రాసి చించేశాననుకోండి. శనివారం పడవ కూత వేసే వేళకి నేను ఇక్కడ వార్డులో మందులు ఇస్తున్నాను. గడియారం చూస్తూ ఒక సీసా జారవిడిచాను, పగిలింది. అంటే అక్కడొకటి, ఇక్కడొకటి.

ఇక ఆ బల్ల గోల. పదకొండేళ్లు కాపురం చేసి ఇది కూడా తెలియదా మీకు? ఇంటికి వచ్చిన చుట్టాన్ని "కూర్చోండి" అంటారు. ఇంట్లో మనిషిని ఎవరంటారు? నాన్న నన్ను ఎప్పుడైనా "రండమ్మా, కూర్చోండి" అన్నారా? అంటే నేను పెట్టె సర్దుకుని వచ్చేద్దును. చిన్నల్లుడు పాపం నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాడట, నాన్న తనని ఎప్పుడు "ఏమయ్యా" అంటారా అని. మా చెల్లెలు రాసింది. "అన్నయ్యని ఏమయ్యా అంటారు, నన్ను బాబూ, రండి అని బయట నిలబెడతారు" అని ఏడ్చాడట మొదటి రోజే. మీరిద్దరూ ఒకే బల్ల గురించి ఏడుస్తున్నారు, అతను కూర్చుని, మీరు నిలబడి.

అతను మిమ్మల్ని ఇప్పుడే క్షమించడు. తొందరపెట్టకండి. మీ తర్వాత తానూ వంగి వినడం అతని హక్కు. ఎప్పుడో ఒక రోజు వినకుండా డబ్బా తీసుకెళతాడు. ఆ రోజు నాకు రాయండి.

ఇంకొక మాట, ఇది నా సొంతం. అసూయ మీ ఒక్కరికే ఉందనుకోకండి. మీ మూడు ఉత్తరాలూ మళ్లీ చదివాను. అతను టీ ఎన్నిసార్లు వడకడతాడో ఉంది. అతని ముఖంలో నెత్తురు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో ఉంది. ఎప్పుడు నవ్వాడో, ఎప్పుడు ఆపాడో ఉంది. నాతో పదకొండేళ్లున్నారు, నా గురించి ఇందులో పావు వంతు ఎప్పుడూ రాయలేదు. మొదటి ఉత్తరంలో "నీ పరీక్ష సంగతి ఆఖర్లో అడుగుతాను" అన్నారు. ఆఖరికి వచ్చేసరికి గురువారం ట్యాంకు వచ్చింది, సంతకం వచ్చింది, నా పరీక్ష రాలేదు. రెండోదాంట్లో రాలేదు. మూడోదాంట్లో సబ్బుతో గచ్చు కడిగారు గానీ అదీ రాలేదు. పెనం మీద గరిటెడు నూనెలో చుక్క నీళ్లుంటే వినపడే చెవి మీది. ఇక్కడ ఆరు నెలలుగా నేను చిటపటలాడుతుంటే వినపడలేదు.

నా పరీక్ష ఫలితం వచ్చి పది రోజులైంది. అడిగితేనే చెబుతాను.

మీ
మందుల పెట్టె